మీరు ఇక్కడ ఉన్నారు!

పెద్ద పెద్ద షాపింగ్ సెంటర్లలో నిలువెత్తు పటం ఒకటి పెడతారు, చూసే ఉంటారు. మన బ్లాక్‌టౌన్ వెస్ట్‌పాయింట్ లాంటి చోట అంతస్తుల మీద అంతస్తులు, కొట్ల మీద కొట్లు. ఆ పటంలో మన కన్ను ముందుగా వెతికేది చెప్పుల కొట్టునీ కాదు, కాఫీ కొట్టునీ కాదు. "మీరు ఇక్కడ ఉన్నారు" అనే ఒక్క చుక్కని. ఆ చుక్క దొరికితే మిగతా దారి మనమే వెతుక్కుంటాం. దొరక్కపోతే పటం ఎంత అందంగా ఉన్నా గోడకి అంటించిన రంగు కాగితమే.

వెబ్ సైటు పైన వరసగా ఉండే మెనూకి కూడా ఇలాంటి చుక్క ఒకటి ఉంటుంది. మీరు "పత్రిక" అన్న పేజీలో ఉంటే మెనూలో "పత్రిక" అన్న మాట మిగతావాటికన్నా వేరుగా కనబడాలి. రంగు మారవచ్చు, వెనక పట్టీ రావచ్చు, కింద గీత రావచ్చు. ఇంతే సంగతి. ఇంత చిన్న విషయం మీద పత్రికలో ఒక వ్యాసమా అని మా ఆవిడ నవ్వింది. మా ఇంట్లో మాత్రం ఇది చిన్న విషయంగా మిగల్లేదు.

మా నాన్నగారికి 76 ఏళ్ళు. దక్షిణ మధ్య రైల్వేలో స్టేషన్ మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. అమ్మ పోయాక తెనాలిలో ఇల్లు అద్దెకిచ్చి మా దగ్గరికి వచ్చేశారు. రెండు కళ్ళలోనూ శుక్లాలు మొదలయ్యాయి, ఆపరేషను వాయిదా వేసుకుంటూ వస్తున్నారు. ఆయనకి ఒక పట్టుదల ఉంది. ఎవర్నీ అడక్కూడదు. మందుల కొట్టుకి ఆయనే వెళతారు, బస్సు ఆయనే ఎక్కుతారు, మన సంఘం వెబ్ సైటులో పెద్దల సమావేశం ఎప్పుడో ఆయనే చూసుకుంటారు.

2023 జూన్‌లో ఒక ఆదివారం అలాగే చూసుకుని బయల్దేరారు. జూన్ మూడో ఆదివారం, ఉదయం 10 గంటలకి, ఫలానా హాలు అని తెర మీద స్పష్టంగా ఉంది. ఇస్త్రీ చొక్కా, దాని మీద స్వెట్టరు, చేతిలో నేను చదివి ఇచ్చిన పాత వారపత్రికల కట్ట. అక్కడికి వెళితే హాలుకి తాళం. "మనవాళ్ళు టైముకి ఎప్పుడొచ్చారు గనక!" అనుకుని నలభై నిమిషాలు ఆ చలిగాలిలోనే నిలబడ్డారట. తర్వాత ఇంటికొచ్చి స్వెట్టరు విప్పి, ఏమీ అనకుండా పడుకున్నారు.

జరిగిందేమిటంటే, ఆ సైటులో "కార్యక్రమాలు" అన్న మెనూ కింద రెండు పేజీలున్నాయి: "జరగబోయేవి", "జరిగినవి". రెండూ ఒకే పోత. ఆయన చూసింది "జరిగినవి". అది అంతకు ముందటి ఏడాది కబురు, దాని మీద సంవత్సరం వెయ్యలేదు. ఆ ఏడాది సమావేశం నాలుగో ఆదివారానికి మారింది, హాలూ మారింది. మరి మెనూలో గుర్తు లేదా అంటే, ఉంది! తెల్లటి పట్టీ మీద లేత పసుపు. నా కళ్ళకే తల పక్కకి వంచితే గానీ కనబడలేదు.

ఆ తర్వాత ఆయన సమావేశాల మాటే ఎత్తలేదు. "ఎందుకులేరా, చలి" అనేవారు. చలి తగ్గి వసంతం వచ్చినా అదే మాట. ఒక మనిషి బయటికి వెళ్ళడం మానేశాడంటే దాని వెనక పెద్ద కారణమే ఉంటుందనుకుంటాం. ఒక్కోసారి లేత పసుపు రంగే ఆ కారణం కావచ్చు.

కమిటీవాళ్ళకి చెబితే మంచివాళ్ళు, "మీరే సరిచేసి పెట్టండి" అన్నారు. స్వచ్ఛంద సంస్థల్లో తప్పు కనిపెట్టినవాడికే పని పడుతుందని మీకు తెలియనిది కాదు! నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. తోడుగా మా అమ్మాయి చేరింది. తను ఎనిమిదో తరగతి, బళ్ళో వెబ్ పేజీలు చేయడం నేర్పుతున్నారు. మొదటిరోజే అడిగింది, "నాన్నా, పైన ఇంత పెద్ద శీర్షిక ఉంది కదా, మళ్ళీ మెనూలో గుర్తెందుకు?" అని.

జవాబు నేను చెప్పేలోపే తాతయ్య అందుకున్నారు. "అమ్మడూ, ఇలా రా" అని కాగితం మీద నాలుగు గీతలు గీశారు. ఆయన పనిచేసిన స్టేషన్లలో బల్లంత ప్యానెల్ ఉండేది. దాని మీద స్టేషనులోని పట్టాలన్నీ బొమ్మగా గీసి ఉంటాయి. ఒక బండికి దారి కడితే ఆ దారి పొడుగునా తెల్ల దీపాలు వెలుగుతాయి. బండి ఆ పట్టా మీదికి రాగానే అక్కడ ఎర్ర దీపాలు. "బండి పేరు నాకు తెలుసు. కానీ మూడో లైనులో ఉందా, నాలుగో లైనులో ఉందా అన్నది దీపం చెప్పాలి. పేరు వేరు, చోటు వేరు" అన్నారు.

ఇంకో మాట కూడా చెప్పారు, నాకు తెలియనిది. పట్టాల్లో పారే చిన్న కరెంటు ఆగిపోతే, అంటే తీగ తెగినా, ఏదన్నా పాడైనా, ప్యానెల్ ఆ పట్టా ఖాళీగా ఉన్నట్టు చూపదు, బండి ఉన్నట్టే చూపుతుంది. అనుమానం వస్తే ఆపేయడమే పద్ధతి. మన వెబ్ సైట్లు దీనికి పూర్తిగా ఎదురు! గుర్తు పాడైతే ఎవరికీ ఏమీ తెలియదు. పేజీ నవ్వుతూనే ఉంటుంది, చదివేవాడు తప్పు హాలుకి వెళతాడు.

పిల్లలూ, మీకింకా తేలిగ్గా చెప్పాలంటే వైకుంఠపాళి గుర్తు తెచ్చుకోండి. పాములూ నిచ్చెనలూ అందరికీ ఒకటే. గవ్వలు వేశాక మీ కాయ ఏ గడిలో ఉందో అదే ఆట. కాయలు తీసేసి పటం ఒక్కటే ముందు పెడితే ఎవరన్నా ఆడగలరా?

అమెరికాలో స్టీవ్ క్రుగ్ అనే ఆయన 2000లో ఈ విషయాల మీద ఒక పుస్తకం రాశారు. దాని పేరుకి అర్థం, నన్ను ఆలోచించేలా చేయకండి, అని. మెనూలోని ఈ గుర్తు గురించి ఆయన చెప్పింది మాకు అచ్చంగా సరిపోయింది. చాలా సైట్లలో గుర్తు పెట్టకపోవడం కాదు, మరీ సున్నితంగా పెట్టడం లోపం అన్నారు. గీసినవాడికి అది రోజూ చూసే బొమ్మ, అందుకని చిన్న తేడా కూడా కనబడుతుంది. కొత్తగా వచ్చినవాడికి కనబడదు. అందుకే ఒక్క తేడా చాలదు, రెండు మూడు కలిపి పెట్టమన్నారు.

ఇక్కడ మన సిడ్నీ కథ ఒకటి చెప్పుకోవాలి. 2000 సెప్టెంబరులో ఒలింపిక్స్ జరిగాయి కదా. మన బ్లాక్‌టౌన్‌కి కూడా అందులో వాటా దక్కింది. రూటీ హిల్ దగ్గరున్న మైదానాల్లో సాఫ్ట్‌బాల్ పోటీలు, కొన్ని బేస్‌బాల్ ఆటలు జరిగాయి. సాఫ్ట్‌బాల్‌లో ఆస్ట్రేలియా అమ్మాయిలు కంచు పతకం కూడా గెలిచారు. ఆ ఒలింపిక్స్ వెబ్ సైటు మీద బ్రూస్ మగ్వైర్ అనే పుట్టుగుడ్డి ఆయన 1999లో మానవహక్కుల కమిషనుకి ఫిర్యాదు చేశారు. ఆయన తెర మీది అక్షరాలని బ్రెయిలీ చుక్కలుగా మార్చే పరికరంతో చదువుకునేవారు. ఆ సైటులో బొమ్మలకి వెనక మాటలు లేవు. కార్యక్రమాల పేజీ నుంచి క్రీడల జాబితాకి వెళ్ళే దారి ఆయన పరికరానికి అందలేదు. ఫలితాల పట్టికలూ అంతే. మామూలు భాషలో చెప్పాలంటే ఆయనకి ఆ మెనూ ఒక మూసిన తలుపు.

నిర్వాహకులు, ఇదంతా సరిచేయాలంటే ఒక్క మనిషికి ఏడాది పని, డబ్బు లక్షల డాలర్లలో అవుతుంది అన్నారు. నిపుణులు వచ్చి, చిన్న బృందం అయితే నాలుగు వారాలు చాలు అన్నారు. 1992 నాటి వైకల్య వివక్ష నిరోధక చట్టం కింద కమిషను 2000 ఆగస్టులో మగ్వైర్ పక్షాన తీర్పు చెప్పింది. ఆటలు మొదలయ్యేలోపు సరిచేయమంది. పూర్తిగా సరిచేయలేదని తేలాక నవంబరులో 20,000 డాలర్ల పరిహారం వేసింది. వెబ్ సైట్ల అందుబాటు గురించి మాట్లాడేవాళ్ళు ప్రపంచంలో ఎక్కడున్నా ఈ సిడ్నీ కేసుని తలుచుకుంటారు. నాన్నగారు ఇదంతా విని, "ఆ నిర్వాహకుల్లో ఒక్కడన్నా కళ్ళు మూసుకుని ఒకసారి వాడి చూశాడా?" అని అడిగారు.

సరే, మా పనికి వద్దాం. మన భాషకి ఈ గుర్తు పెట్టడం ఇంగ్లీషుకన్నా కష్టమని చేసేటప్పుడు గానీ తెలియలేదు.

ఇంగ్లీషువాడికి చేతినిండా ఆయుధాలున్నాయి. మాటని మొత్తం పెద్దక్షరాల్లో రాయచ్చు, వంపు అక్షరాల్లో రాయచ్చు, లావు చేయచ్చు, కింద గీత గీయచ్చు. మనకి పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ అని లేనే లేవు. తెలుగుని పక్కకి వంచితే అక్షరం జారిపడుతున్నట్టుంటుంది తప్ప, ఇది ప్రత్యేకం అని అనిపించదు. ఇక మిగిలినవి రెండు.

మొదటిది కింద గీత. మన మెనూ చూడండి: మా గురించి, కార్యక్రమాలు, తెలుగు బడి, పత్రిక, ఫోటోలు, సభ్యత్వం, సంప్రదించండి. వీటిలో నాలుగింటికి అక్షరాల కింద వత్తులున్నాయి. మామూలు గీత గీస్తే అది సరిగ్గా వత్తు నడుములోంచి పోతుంది. "పత్రిక"లో రావత్తు కొట్టేసినట్టయింది. దాన్ని క్రారవడి అంటారని ఆ సందర్భంలోనే తాతయ్య మనవరాలికి నేర్పారు. ఆ పేరు విని అది పది నిమిషాలు నవ్వింది. కొత్త బ్రౌజర్లు అక్షరం తగిలిన చోట గీతని తెంపుతాయి. అప్పుడది గీతలా కాక తెగిన దారంలా ఉంటుంది. మేం అక్షరానికి గీత గీయడం మానేసి, ఆ మాట ఉన్న గడికి అడుగున దళసరి అంచు కట్టాం. అక్షరానికీ అంచుకీ మధ్య వత్తులు ఊపిరి పీల్చుకునేంత చోటు వదిలాం.

రెండోది లావు చేయడం. ఇప్పుడు తెలుగుకి మంచి ఖతులు చాలా వచ్చాయి. కానీ మండలి లాంటి ఖతులు ఒకే మందంలో ఉన్నాయి. లావు కావాలంటే బ్రౌజరే అక్షరానికి మసి పూసి లావు చేస్తుంది. చిన్న సైజులో సున్నాలు పూడిపోతాయి, ఒత్తు గీతలు కలిసిపోతాయి. మా ప్రయోగంలో "ఫోటోలు" కాస్తా "పోటోలు" అయింది! దాంతోపాటు ఇంకో తిప్పలు. లావైన మాట వెడల్పవుతుంది కాబట్టి పక్క మాటలు జరుగుతాయి. పేజీ మారినప్పుడల్లా మెనూ గంతులేస్తుంది. ఒక్కో గడికీ వెడల్పు ముందే కట్టేస్తే ఆ గంతులు ఆగుతాయి. మేం లావు జోలికే పోలేదు.

అన్నట్టు, ఈ గుర్తుల విషయంలో పాతకాలమే నయమని కొందరంటారు. 2000 ప్రాంతాల్లో తెలుగు అక్షరాలు అందరి కంప్యూటర్లలోనూ కనబడేవి కావు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే ఖతి రావడం, పోతన 2000 లాంటివి ఉచితంగా దొరకడం వల్ల దారి కొంత సుగమమైంది. అప్పట్లో చాలా సైట్లలో మెనూలో ప్రతి మాటా ఒక బొమ్మే. మామూలుగా ఒకటి, గుర్తు పెట్టింది ఒకటి, ఎలుకబాణం మీదికి వస్తే మెరిసేది ఒకటి. ఎనిమిది మాటలకి ఇరవైనాలుగు బొమ్మలు. అందంగానే ఉండేవి, ఒప్పుకుంటాను. మగ్వైర్ లాంటి పాఠకుడికి మాత్రం ఆ ఇరవైనాలుగూ ఇరవైనాలుగు శూన్యాలు. నాకు ఆ కాలం తిరిగి రానక్కర్లేదు.

రంగు సంగతి. మన సంఘం రంగులు పసుపూ కుంకుమా. కమిటీలో వాటిని వదలడానికి ఎవరూ ఒప్పుకోలేదు, వదలనక్కర్లేదు కూడా. తెల్లటి దాని మీద పసుపు పెడితేనే చిక్కు. శుక్లాలు పెరిగే కొద్దీ కంటి కటకమే పసుపుబారుతుంది, ఇక లేత పసుపుకీ తెలుపుకీ తేడా ఏం తెలుస్తుంది? రైల్వేలో చేరేటప్పుడు రంగుల చూపు పరీక్ష అవలీలగా నెగ్గిన మనిషి మా నాన్నగారు. ఆ వయసు వేరు. ముదురు కుంకుమ రంగు పట్టీ, దాని మీద తెల్ల అక్షరాలు పెడితే ఆయన మూడు గజాల దూరం నుంచి చదివారు. అక్షరానికీ వెనక రంగుకీ మధ్య కాంతి తేడా కనీసం నాలుగున్నరకి ఒకటి ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాల్లో 2008 నుంచీ ఉంది. లెక్క కట్టే పరికరాలు ఉచితంగా దొరుకుతాయి. రంగు ఒక్కదాన్నే నమ్ముకోవద్దని కూడా అదే పత్రం చెబుతుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్ళు మనలో తక్కువేం కాదు. అందుకే పట్టీకి తోడు ఆ దళసరి అంచు.

చూపు లేనివాళ్ళకి రంగూ అంచూ రెండూ దండగే కదా? వాళ్ళ కోసం పేజీ వెనక రాసే భాషలో ఏరియా కరెంట్ అనే చిన్న గుర్తు ఉంది, 2017లో ప్రమాణాల్లోకి వచ్చింది. మెనూలో ఆ ఒక్క లింకుకి అది తగిలిస్తే తెర చదివే పరికరం పేరు పలికాక "ఇప్పుడున్న పేజీ" అన్న అర్థం వచ్చే మాట కూడా పలుకుతుంది. తమాషా ఏమిటంటే, రంగూ అంచూ కూడా ఆ గుర్తుకే తగిలించవచ్చు. అలా చేస్తే చూసేవాడికీ వినేవాడికీ ఒకటే నిజం. ఒకదాన్ని మార్చి రెండోదాన్ని మరిచిపోయే ప్రమాదం లేదు.

మరి ఏ లింకుకి తగిలించాలో కంప్యూటరుకి ఎలా తెలుస్తుంది? చేత్తో ఒక్కో పేజీలో పెడితే ఏమవుతుందో మా పాత సైటులోనే ఉంది. ఎవరో "ఫోటోలు" పేజీని నకలు తీసి "తెలుగు బడి" పేజీ చేశారు. బడి పేజీలో కూర్చున్నా మెనూలో "ఫోటోలు" వెలుగుతూనే ఉంది. ఇలాంటివి ఏ సంఘం సైటులోనైనా దొరుకుతాయి, వెతికి చూడండి. దీనికి మందు, పేజీ చిరునామాని మెనూలోని లింకుల చిరునామాలతో పోల్చి, కలిసినదానికి గుర్తు పెట్టమని ప్రోగ్రామ్‌కే చెప్పడం. మా అమ్మాయి పది లైన్లలో రాసేసింది. నడిపితే ప్రతి పేజీలోనూ "హోమ్" కూడా వెలిగింది! తలుపు పేజీ చిరునామా ఒట్టి గీతే, మిగతా అన్ని చిరునామాలూ ఆ గీతతోనే మొదలవుతాయి. మొదలు కలిస్తే చాలు అని రాస్తే హోమ్ అందరికీ చుట్టమే. హోమ్‌కి మాత్రం చిరునామా పూర్తిగా కలవాలని విడిగా నియమం పెట్టింది.

తర్వాత తాతయ్య పరీక్ష. ఎలుకబాణం "పత్రిక" మీద పెట్టగానే అదీ కుంకుమ రంగు తిరిగింది, అప్పటికే "కార్యక్రమాలు" కుంకుమ రంగులో ఉంది. "ఒకే బండి రెండు లైన్లలో ఉందేమిటే?" అన్నారు. బాణం పెట్టినప్పుడు వచ్చే రంగుకీ, ఉన్న చోటు చెప్పే రంగుకీ తేడా ఉండాలన్నమాట. మేమిద్దరం వారం రోజులుగా చూస్తూ గమనించనిది ఆయన అర నిమిషంలో పట్టేశారు. బాణానికి లేత బూడిద రంగు ఇచ్చాం.

"జరిగినవి", "జరగబోయేవి" పేజీలకి వేరే వైద్యం కూడా చేశాం. ఇప్పుడు ఆ రెంటిలో దేనిలో ఉన్నా పైన "కార్యక్రమాలు" వెలుగుతుంది, దాని కింద ఉపమెనూలో ఉన్న పేజీ కూడా వెలుగుతుంది. స్టేషనూ తెలుస్తుంది, లైనూ తెలుస్తుంది. జరిగిన కార్యక్రమాలన్నిటికీ సంవత్సరం వేశాం. ఈ చివరి పని అన్నిటికన్నా తేలిక, బహుశా అన్నిటికన్నా ముఖ్యం కూడా.

ఆ నెల సమావేశం తేదీ నాన్నగారే చూసుకున్నారు. వెళ్ళేముందు నన్నేమీ అడగలేదు, నేనూ ఏమీ చెప్పలేదు. కిటికీలోంచి చూస్తే బస్‌స్టాపు వైపు నడుస్తున్నారు, చేతిలో పత్రికల కట్ట.

సాయంత్రం వచ్చి ఫిర్యాదు ఒకటి మోసుకొచ్చారు. అక్కడ ఒక పెద్దావిడ ఫోనులో మన సైటు చూపించిందట. ఫోనులో మెనూ అంతా మూడు అడ్డగీతల వెనక దాక్కుంటుంది కదా. దాన్ని నొక్కితే గానీ ఏ మాటా కనబడదు, ఇక మనం ఎక్కడున్నామన్నది ఏం కనబడుతుంది! "ప్యానెల్ మీద దుప్పటి కప్పి దీపాలు పెడితే ఏం లాభంరా?" అన్నారు. ఆ మూడు గీతల పక్కనే ఇప్పుడున్న పేజీ పేరు రాయాలా, లేక మెనూని రెండు వరసలుగా విప్పేసి పెట్టాలా అని తాతా మనవరాలూ ప్రస్తుతం వాదించుకుంటున్నారు. నాలుగు అంగుళాల తెరలో "సంప్రదించండి" అన్న మాట పట్టడమే గగనంగా ఉంది. దానికి బదులు "కలవండి" అంటే సరిపోతుందని మా అమ్మాయి అంటోంది.